నాలుగు ముక్కల ఆట, మూడు ఊళ్ళు

జనం దేవుణ్ణి చూడ్డానికి ఊళ్ళు వెళతారు, పెళ్ళిళ్ళకు వెళతారు, పెద్ద డాక్టరుకు చూపించుకోవడానికి వెళతారు. నేను పేకాట నేర్చుకోవడానికి వెళ్ళాను. తెనాలి స్టేషన్లో తెలిసినాయన ఒకాయన "ఎక్కడికండీ సంచీ పట్టారు?" అంటే నిజమే చెప్పాను. "మీకెప్పుడూ వేళాకోళమే" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు. ముప్ఫై ఏళ్ళుగా మా క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాడు, అరవైకి చేరువైనవాడు, పేకాట నేర్చుకోవడానికి రాయలసీమ రైలెక్కాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

సంగతి ఇది. మా అక్క మొగుడు, మా సత్యం బావకు పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కాలు కొంత తిరిగింది గానీ మాట తిరగలేదు. "మన మాటలు అర్థమవుతున్నాయా డాక్టరు గారూ?" అంటే "కొంత అవుతుండొచ్చు" అన్నాడాయన. ఆ 'కొంత' మా అక్కను తినేసింది. పొద్దస్తమానం కిటికీలోంచి ఎదురింటి గోడకేసి చూస్తూ కూర్చునే మనిషికి ముద్దలు కలిపి పెడుతూ, "ఒరేయ్, ఆయన లోపల ఉన్నాడంటావా?" అని నన్నడిగేది.

ఎడమ చేతి వేళ్ళకు ఏదైనా పని కల్పించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెబితే నేను పేక తెచ్చాను. పేక గడప లోపలికి వస్తే లక్ష్మి గడప దాటిపోతుందని అక్క నమ్మకం. అయినా ఆ రోజు కిక్కురుమనలేదు. పదమూడు ముక్కలు పంచాను. బావ తొమ్మిది తీసి పక్కకు నెట్టేసి నాలుగే ఉంచుకున్నాడు. వాటిలో రెండు పారేశాడు, పేకలోంచి రెండు తీసుకున్నాడు, తర్వాత నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశాడు. నేనేం చెయ్యాలో నాకు తెలియదు. మళ్ళీ పంచాను, మళ్ళీ అంతే. రాజునీ రాణినీ వదిలేస్తాడు, రెండునీ మూడునీ దాచుకుంటాడు, నా వైపు చూస్తాడు. చివరికి ఒకరోజు ముక్కలన్నీ విసిరికొట్టి ఏడ్చాడు. ఆ తర్వాత పేక ముట్టలేదు.

ఆ ఆట ఎక్కడిదో ఊహించింది అక్కే. పెనుకొండ దగ్గర కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో బావ అక్కడ సివిల్ పనులు చూసేవాడు. కంపెనీ గెస్ట్ హౌసులో ఉండేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ముగ్గురి పేర్లే చెప్పేవాడు: వ్యాను నడిపే గంగాధర, వంట చేసే సువార్తమ్మ, స్టోరు చూసే మల్లికార్జున. "సాయంత్రాలు వాకింగు చేస్తున్నానని చెప్పేవాడు నాతో" అంది అక్క, అన్నేళ్ళ తర్వాత అనుమానం వచ్చినదానిలా.

గంగాధరకు ఫోన్ చేశాను. నాలుగు ముక్కల ఆట అనగానే పకపకా నవ్వాడు. బావ సంగతి చెబితే నవ్వు ఆపేశాడు. "ఫోన్లో చెప్తే వచ్చేది కాదప్పా అది. రా ఈడికి. చేతికి నేర్పల్ల దాన్ని" అన్నాడు.

హిందూపురం: బెల్లం మూటల మధ్య

తెల్లారి కళ్ళు తెరిస్తే కిటికీలో నీళ్ళు లేవు. మా వైపు రైలు కిటికీ అంటే కాలవో వరిమడో ఏదో ఒకటి తడిగా కనపడాలి. ఇక్కడ ఎర్ర నేల, గుండ్రాళ్ళ గుట్టలు, గుట్టకూ గుట్టకూ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో ఒక గొర్రెల మంద కదులుతోందా, నిలబడి ఉందా అని తేల్చుకునేలోపు మళ్ళీ నిద్రపట్టింది. ఆ ప్రయాణమంతా నాకు అలాగే గుర్తుంది, సగం నిద్రలో చూసినట్టు.

గంగాధర వ్యాను అమ్మేసి మార్కెట్లో బెల్లం, చింతపండు కొట్టు పెట్టాడు. మనిషి బొద్దుగా, భుజాన తువ్వాలుతో ఉన్నాడు. నా పేరు అడగకముందే "టిఫన్ అయ్యిందా?" అన్నాడు. మా వైపు ముందు ఊరడుగుతాం, తర్వాత పేరు, తర్వాత ఎవరి తాలూకని, తిండి సంగతి చిట్టచివర. ఇక్కడ వరస తిరగబడింది. ఆ పక్కనే హోటల్లో ఉగ్గాని పెట్టించాడు. నానబెట్టిన బొరుగులు, అంటే మా మరమరాలు, తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ముప్ఫై రూపాయలు. ఆ డబ్బుకి మా తెనాలిలో నెయ్యి దోసె వాసన చూపించి పంపిస్తారు.

కొట్టు వెనక బెల్లం మూటల మధ్య గోనె పరిచాడు. ఆ గదిలో గాలి కూడా తియ్యగా, బరువుగా ఉంది. కొనేవాళ్ళు వస్తే కన్నడంలో బేరమాడి, అదే ఊపిరిలో నాతో తెలుగులోకి వచ్చేస్తున్నాడు.

"నీకు రమ్మీ వస్తాదా?" అన్నాడు పేక కలుపుతూ.

"బాగా వచ్చు" అన్నాను, కాస్త గర్వంగానే.

"అయ్యో" అన్నాడు, జబ్బు పేరు విన్నట్టు. "అయితే కష్టమప్పా. రమ్మీలో అంతా జతగట్టేది. దీంట్లో విడదీసేది. నాలుగు ముక్కలుండల్ల, నాలుగూ నాలుగు రకాలుండల్ల. ఇస్పేటొకటి, ఆఠీనొకటి, డైమనొకటి, కళావరొకటి. అంకెలు గూడా కలవగూడదు. రెండు ఇస్పేట్లు వచ్చినాయంటే ఒకటి లేనట్టే లెక్క. రెండు మూడ్లు వచ్చినా అంతే."

"నాలుగూ వేరువేరుగా వస్తే గెలిచినట్టేనా?"

"నాలుగు కుదిరినోడు, మూడే కుదిరినోణ్ణి కొట్టేస్తాడు. ఇద్దురికీ నాలుగు కుదిరినాయనుకో, ఎవురి పెద్ద ముక్క చిన్నదో వాళ్ళదే ఆట. ఆసు అన్నిటికంటే చిన్నది. రాజు వచ్చినాడంటే శని వచ్చినట్టే."

మొత్తం మూడుసార్లు ముక్కలు మార్చుకోవచ్చట. ఎన్ని పారేస్తే అన్ని తీసుకోవాలి. ఏమీ మార్చక్కర్లేదనుకుంటే చేత్తో నేల తట్టాలి, చాలు అని. మొదట ఒకసారి, తర్వాత మార్చిన ప్రతిసారీ పందెం. ఇష్టం లేనివాడు ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

"పందేనికి దుడ్లు పెడితే స్నేహం పోతాదనేవాడు మీ బావ. అందుకే ఇవి" అని ఒక చేట నిండా వేరుశనగకాయలు తెచ్చి పోశాడు. వాళ్ళు చెనిక్కాయలంటారు. పొట్టుతో ఉన్న కాయే చెల్లుతుంది, ఒలిచింది చెల్లదు. ఓడినవాడు గెలిచినవాడికే కాదు, అక్కడున్న అందరికీ కాయలు ఒలిచి పెట్టాలి. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

ఈ ఆట నేర్పింది కిమ్ సార్ అనే కొరియా ఇంజినీరు. వాళ్ళ దేశంలో మచ్చల కుక్కపిల్లను పిలిచే పేరేదో దీనికి పెట్టారని చెప్పాడట. ఆ పేరు వీళ్ళ నోటికి తిరగలేదు. "మేం కుక్కాట అనుకుంటాంటిమి" అన్నాడు గంగాధర. "మొదుట్లో ఏమైతాండెనో తెలుసా? మూడో పందెం వచ్చేలోగా మా ముందర కాయలుండేవి కావు. మాట్లాడుకుంటా మాట్లాడుకుంటా తినేస్తాంటిమి. కిమ్ సార్ తల పట్టుకున్యాడు పాపం. ఏ దేశంలోనూ పందెం కాసే దుడ్లు ఎవురూ నమిలి మింగరంట."

నేను నవ్వి, నా కుప్పకేసి చూసుకున్నాను. సగం లేదు. నా పక్కన పొట్టు గుట్టగా పడి ఉంది.

ఆ పూట నేను ఒక్క ఆట గెలవలేదు. ఇస్పేట్లలో ఏడు, ఎనిమిది, తొమ్మిది వరసగా వస్తే నా ప్రాణం లేచి వచ్చింది. గంగాధర వంగి చూసి, "అది ఈడ ఒక్క ముక్కే అప్పా" అన్నాడు జాలిగా. రెండు ఎనిమిదులు కనపడితే నా వేళ్ళు వాటంతట అవే వాటిని పక్కపక్కన చేరుస్తాయి. ముప్ఫై ఏళ్ళు కలపడమే నేర్చిన చేతులు, ఎంత చెప్పినా విడదీయవు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టయింది నా పని.

లాడ్జిలో కనపడని ముగ్గురు

మధ్యాహ్నం లాడ్జిలో మంచం మీద నలుగురికీ ముక్కలు పంచుకుని, నాలుగు చేతులూ నేనే ఆడుకుంటున్నాను. ఫ్యాను గాలికి ముక్కలు కదులుతుంటే వాటి మీద చెనిక్కాయలు బరువు పెట్టాను. మేనేజరు దుప్పటి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"సార్, ఈడ పేకాట ఆడగూడదు. పోలీసోళ్ళొస్తే లాడ్జికి బీగమేస్తారు."

"ఎవరితో ఆడుతున్నానండీ? ఒక్కణ్ణేగా ఉన్నాను."

ఆయన మంచం మీది నాలుగు వాటాల కేసి చూశాడు. నా కేసి చూశాడు. "మిగతా ముగ్గురు యాడ దాంకున్యారు?" అని బాత్రూము తలుపు తీసి చూశాడు, మంచం కింద కూడా వంగి చూశాడు. ఎవరూ లేరని తేలాక ఇంకా భయపడ్డట్టు కనిపించాడు. "ఊరికే ఒక్కరే ఆడుకుంటాండారా?" అని మెల్లిగా అడిగి, దుప్పటి కుర్చీలో పెట్టి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. నాకు నవ్వాగలేదు. తర్వాత బావ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆయన కూడా అలాగే కదా, ఎదురు ఆడేవాళ్ళు లేకుండా నాలుగు ముక్కలు పట్టుకుని కూర్చున్నాడు.

పెనుకొండ: సువార్తమ్మ వంటిల్లు

పెనుకొండలో బస్సు దిగేసరికి కొండ మీద మబ్బు నీడ పడి ఉంది. నీడ మెల్లగా కదిలి కోటగోడ మీదికి పాకి, అవతలికి జారిపోయేదాకా రోడ్డు పక్కనే నిలబడి చూశాను. హైవే పక్క బోర్డుల మీద తెలుగు కింద కొరియా అక్షరాలు, గుండ్రాలూ గీతలూ. ఒక కిరాణా కొట్టతను కొరియా భాషలో నమస్కారం చెప్పి, తర్వాత నా ముఖం చూసి "ఏం కావాల్నప్పా?" అన్నాడు. అక్కడ అదేం వింత కాదు. మా తెనాలిలో అయితే ఆ బోర్డుల ముందు ఫోటోలు దిగేవాళ్ళు.

సువార్తమ్మ ఇల్లు హైవే దిగి లోపలికి వెళితే వచ్చే పల్లెలో. గుమ్మం పైన చెక్క శిలువ, వసారాలో వరసగా గాజు జాడీలు. ఆమె ఇప్పుడు ఇంట్లోనే కొరియా వాళ్ళకు క్యారియర్లు కట్టి పంపిస్తుంది. సన్నగా, చురుగ్గా, యాభై దాటిన మనిషి. జాడీల్లో ఉన్నది కిమ్చి, వాళ్ళ క్యాబేజీ పచ్చడి. రాగిసంగటిలో వేసి పెట్టింది. పుల్లగా, కారంగా, నాలుక మీద చిన్నగా చిటపటలాడుతూ ఉంది. సంగటికీ దానికీ ఎప్పటి స్నేహమో అనిపించింది.

"ఇందులో కారం మా గుంటూరుదేనా?" అన్నాను ఊరి మీద ప్రేమకొద్దీ.

"మీ గుంటూరు కాయ మొదుటి దినమే ఏసినా సార్. కొరియా సార్లు కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని గ్లాసులు గ్లాసులు తాగినారు. మల్ల బ్యాడగి కాయలకు మారినా. రంగు ఉంటాది, మంట ఉండదు."

బావ సంగతి అంతా విన్నది. కింద పెట్టిన గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకోలేదు. లోపలికి వెళ్ళి చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చింది. "గెస్ట్ హౌసులో అందురూ నన్ను వంటామె అంటాంటిరి. సత్యం సార్ ఒక్కడే 'సువార్తమ్మా, నువ్వు కూడా కూర్చో, నాలుగో చెయ్యి తక్కువైంది' అన్యాడు. అట్ల కూకున్యా ఆటకు" అంది. తర్వాత చాప పరిచింది.

గంగాధర ఆట నేర్పితే, ఆమె ఆడడం నేర్పింది. మధ్యాహ్నపు ఎండ వసారా అంచు దాకా వచ్చి ఆగింది. ఎక్కడో గొర్రె అరుస్తోంది. ఆమె గొంతు ఆ నిశ్శబ్దంలో పాఠంలా కాక, ఏదో పాత కథలా వినిపించింది.

"నీ ముక్కలు నువ్వు చూసుకునేది తక్కువ చెయ్ సార్. ఎదుటోడు ఎన్ని పారేస్తాండాడో చూడు. రెండు పారేసినాడంటే ఇంగా దేవులాడతాండాడు. ఒకటి పారేసినాడంటే దగ్గిరికొచ్చినాడు. తట్టినాడంటే వచ్చేసినాడు, ల్యాకుంటే అబద్ధం ఆడతాండాడు."

"మూడు మంచివి ఉండి నాలుగోది రాకపోతే?"

"మూడూ చిన్నవైతే, మూడు తూర్లూ ఆశపడు, తప్పు ల్యా. రెండే ఉండాయనుకో, మొదుటి తూరి చూడు. రాలేదా, ముక్కలు పడేసి లేసిపో. పోయేదాన్ని పట్టుకోని ఏలాడితే చేట ఖాళీ అయితాది."

అన్నిటికంటే విచిత్రమైనది చివర చెప్పింది. ఒక్కోసారి చిన్న ముక్కలన్నీ మన చేతికే వచ్చి, రెండు ఆసులూ రెండు మూడ్లూ అన్నట్టు జతలుగా ఇరుక్కుంటాయి. మనకు పనికిరావు. కానీ మన దగ్గర ఉన్నంతసేపు ఎదుటివాడికీ దొరకవు. అప్పుడు మార్చకుండా, నింపాదిగా నేల తట్టి, పందెం పెంచాలి. ఎదుటివాడు భయపడి మంచి ముక్కలు పడేస్తాడు. "చేతిలో ఏమీ ల్యాకున్నా నిబ్బరంగా కూకునేది. అదీ ఆటే" అంది.

"మీరు బాగా ఆడతారా అది?"

"నేను యాడ? మీ బావ ఆడల్ల దాన్ని." ఆమె గొంతు తగ్గించింది. "చెప్పగూడదు గానీ చెప్తా. సార్ అబద్ధం ఆడేటప్పుడు కుప్పలోంచి ఒక చెనిక్కాయ తీసుకోని తింటాడు. నిజింగా ముక్కలు కుదిరింటే కాయ ముట్టడు. ఆ సంగతి ఆయనకే తెల్దు. మేం ముగ్గురం ఎప్పుడూ చెప్పల్యా, చెప్తే మేం గెలిచేది ఎట్ల?"

ఆ పూటా నేను గెలవలేదు. ఆమెకూ, మధ్యలో వచ్చి కూర్చున్న కోడలికీ కాయలు ఒలిచిపెట్టాను. వచ్చేటప్పుడు ఒక చిన్న జాడీలో కిమ్చి కట్టి ఇచ్చింది. "సార్‌కు శానా ఇష్టం. నేనిచ్చినానని చెప్పు. ఆదివారం ప్రార్థనలో పేరు చెప్పిస్తా" అంది.

సాయంత్రం బస్సుకు ఇంకా టైముందని కొండ కింద పాత కోట గుమ్మం నీడలో కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. ఎప్పుడు పడుకున్నానో తెలియదు. కలలో పై నుంచి ముక్కలు చప్పుడు లేకుండా రాలుతున్నాయి, అన్నీ వేరువేరు, ఏ రెండూ కలవడం లేదు. లేచేసరికి ఒక మేక నా సంచీలోకి మూతి పెట్టి, గంగాధర కట్టిచ్చిన చెనిక్కాయల పొట్లం చింపుతోంది. జాడీ పగలనందుకు మేకకు దణ్ణం పెట్టాను.

ధర్మవరం: కలిసే రంగులు

ధర్మవరంలో మల్లికార్జున ఇల్లు ఎవర్నీ అడగక్కర్లేదు అన్నాడు గంగాధర, మగ్గం చప్పుడు వినపడే ఇల్లని. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడే. నాలుగిళ్ళు ఎక్కి దిగాక దొరికాడు. ఫ్యాక్టరీ కట్టడం అయిపోగానే స్టోరు ఉద్యోగమూ అయిపోయి, మళ్ళీ వాళ్ళ నాయన మగ్గం గుంటలోకే దిగాడు. నలభై ఏళ్ళవాడు, తక్కువ మాట్లాడతాడు.

మగ్గం మీద చీర ఒకవైపు నుంచి చూస్తే నెమలికంఠం రంగు, ఇంకోవైపు నుంచి ముదురెరుపు. అక్కకు బాగుంటుందని ధర అడిగాను. చెప్పాడు. నా ముఖం చూసి మంచినీళ్ళు తెప్పించాడు. చివరికి బయట కొట్లో ఒక రవిక గుడ్డ కొని గౌరవం కాపాడుకున్నాను.

"ఆటలో నన్ను మించి ఓడినోడు ల్యాడన్నా" అన్నాడు మల్లికార్జున. "అంచుకూ కొంగుకూ రంగు కలిపే చేతులు ఇవి. ఒకే రంగు ముక్కలు వస్తే చెయ్యి వదల్దు. నాలుగు ఆఠీన్లు పట్టుకోని, ఎంత బాగుండాయో అని చూసుకుంటా కూకుంటాంటి. మీ బావ నగి నగి పడతాండె."

నా జబ్బే ఆయనకూ ఉందని తెలిసి ఆప్యాయంగా అనిపించింది. మగ్గం పక్కనే చాప మీద ఇద్దరం ఓడిపోవడంలో పోటీపడి ఆడాం. ఆయనకు చేతికొచ్చిన ఒకే రంగు ముక్కలు వదలడం ఎంత కష్టమో, నాకు వరస వదలడం అంత. అయినా నాలుగో ఆటకో ఐదో ఆటకో నా వేళ్ళు తమంతట తామే ఒక రాజును విసిరేశాయి. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

బయల్దేరేటప్పుడు నా సంచీ పట్టుకుని వీధి చివరి దాకా వచ్చాడు. "అన్నా, ఒక మాట. సార్‌తో ఆడేటప్పుడు జాలిపడి ఓడిపోవాకు."

"జబ్బు మనిషి కదయ్యా."

"అందుకే చెప్తాండా. మా నాయన పోయిన కొత్తల్లో వాళ్ళంతా మాట్లాడుకోని నన్ను గెలిపిచ్చినారు. నాకు తెలిసిపోయె. గెలిచినందుకు ఏడుపొచ్చె ఆ పొద్దు. ఆట పోగొట్టుకున్నా బాధ ల్యా, మనిషిని ఆటలోంచి తీసేస్తేనే బాధ. ఆయనతో నువ్వు నిజింగా ఆడు."

తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు. ఆట నేర్చుకున్నాను, సరే. బావకు నిజంగా ఆట గుర్తుందా, లేక పాత అలవాటుకొద్దీ చేతులు నాలుగు ముక్కలు ఏరుతున్నాయా? రెండోదే అయితే అక్క ప్రశ్నకు జవాబు తెలిసిపోతుంది, అది నేనే మోసుకెళ్ళినట్టవుతుంది. కిటికీలో ఎర్ర నేల అయిపోయి ఎప్పుడో నల్లరేగడి వచ్చింది. నాకు భయమేసింది.

తెనాలి: కిటికీ పక్క బల్ల

బావ ఎప్పట్లాగే కిటికీ దగ్గర ఉన్నాడు. బల్ల మీద సువార్తమ్మ జాడీ పెట్టి ఎవరిచ్చారో చెప్పాను. తల తిప్పలేదు. చెనిక్కాయలు కుప్ప పోసి, రెండు వాటాలు వేసి, నాలుగేసి ముక్కలు పంచాను. కాయల చప్పుడుకు తల తిరిగింది. కుప్పను చూశాడు, జాడీని చూశాడు, నన్ను చూశాడు. ఎడమ చేత్తో ముక్కలు తీసుకున్నాడు. వంటింటి గుమ్మంలో అక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

రెండు పారేశాడు, రెండు ఇచ్చాను. నేను ఒకటి మార్చుకున్నాను. ఆయన ముఖంలో ఏదో సర్దుకున్నట్టయింది. ఈసారి ఎదురుగా కూర్చున్నవాడికి ఏం చెయ్యాలో తెలుసు. రెండో తూరి మళ్ళీ రెండు. మూడో తూరి బల్ల తట్టాడు. గుప్పెడు కాయలు ముందుకు నెట్టాడు. తర్వాత ఒక కాయ తీసి, పళ్ళతో చిట్లించి, తిన్నాడు.

సువార్తమ్మ చెప్పింది ఇదే. ఆయన చేతిలో ఏమీ లేదు. నా దగ్గర మూడే కుదిరాయి, ముక్కలు పడేస్తే ఆయన గెలుస్తాడు, అక్క సంతోషిస్తుంది. పడేద్దామనే అనుకున్నాను. మల్లికార్జున మాట గుర్తొచ్చి, పందేనికి పందెం పెట్టాను. బావ ముక్కలు తిప్పాడు. ఆయనకు కుదిరినవి రెండే.

"సిగ్గులేదురా, జబ్బు మనిషి మీద గెలుస్తావు?" అంది అక్క.

ఓడినవాడు ఒలవాలి. బావ ఒంటి చేత్తో, కాయను బల్ల అంచుకు నొక్కిపట్టి, మెల్లగా ఒలవడం మొదలుపెట్టాడు. అక్క సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు. ఒలిచిన గింజలు ఒక్కొక్కటే నా అరచేతిలో పెడుతూ నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత జాడీ కేసి చూశాడు. నేనప్పుడు ఏమీ అనుకోలేదు.

ఆడుతూ ఉన్నాం. ఎండ గోడ మీద నుంచి బల్ల మీదికి దిగింది. ఆయన కొన్ని గెలిచాడు, నేను కొన్ని. అప్పుడు నాకు జీవితంలో మొదటిసారి మొదటి పంపకంలోనే నాలుగూ కుదిరాయి: ఇస్పేటు ఆసు, డైమను మూడు, ఆఠీను ఐదు, కళావరు తొమ్మిది. మూడుసార్లూ బల్ల తట్టాను. బావ మొదట రెండు మార్చాడు, తర్వాత ఒకటి, ఆఖర్న తనూ తట్టాడు. తన కుప్ప మొత్తం ముందుకు తోశాడు. తోశాక అందులోంచే ఒక కాయ తీసి, చిట్లించి, తీరిగ్గా నమిలాడు.

మళ్ళీ అబద్ధం. పాపం, ఆయనకు తెలియదు కదా అనుకున్నాను. నా కుప్ప కూడా మొత్తం తోసేసి, ముక్కలు తిప్పాను.

బావ తనవి ఒక్కొక్కటిగా పెట్టాడు. ఆఠీను ఆసు. ఇస్పేటు రెండు. డైమను నాలుగు. కళావరు ఆరు. నాలుగూ వేరువేరు, నా తొమ్మిది ముందు ఆయన ఆరు.

నేను ముక్కల్లోంచి తలెత్తేసరికి ఆయన వేలు సువార్తమ్మ జాడీ మూత మీద ఉంది. రెండుసార్లు తట్టాడు. తర్వాత ఒక చెనిక్కాయ తీసి నా కళ్ళ ముందు ఆడించాడు. అప్పుడు మూతి ఒక పక్కకు లాగి, భుజాలు కదిలేలా నవ్వాడు. నెలల తర్వాత ఆ ఇంట్లో విన్న మొదటి నవ్వు.

నాకు తెలియడానికి కొంచెం టైము పట్టింది. మొదటి కాయ ఆయన అలవాటు. దాన్ని చూసి నేను పందెం కట్టడం గమనించాడు. నేను ఎవరి దగ్గర్నుంచి వచ్చానో, ఆమె నాకేం చెప్పి ఉంటుందో లెక్క కట్టాడు. మంచి ముక్కలు వచ్చేదాకా ఓపిక పట్టాడు. రెండో కాయ నా కోసం తిన్నాడు. తాడి దన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడంటారు, ఆ తల దన్నేవాడు ఆర్నెల్లుగా మా ముందే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

నవ్వో ఏడుపో తెలియకుండా ఇదంతా అక్కకు చెప్పాను. అబద్ధమాడేటప్పుడు కాయ తినే అలవాటు, సువార్తమ్మ చెప్పిన రహస్యం, దాన్ని ఆయన నా మీదికే తిప్పడం. అక్క ఆయన కేసి చూస్తూ వింది.

"అంటే, అంతా ఆలోచించే చేశాడా?"

"లోపలే ఉన్నాడక్కా. మనమే బయటున్నాం."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాకింగని చెప్పి ఇదా నువ్వు చేసిన నిర్వాకం" అని ఆయన్ని కసిరింది. ఆర్నెల్లలో ఆయన్ని ఆమె కసరడం అదే మొదటిసారి. బావ తల దించుకున్నాడు, కానీ నవ్వు ఆగలేదు.

ఓడినవాణ్ణి కాబట్టి నేను కాయలు ఒలవడం మొదలుపెట్టాను. అక్క గరిటె బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని మా మధ్య కూర్చుంది.

"ఒలవడం తర్వాత. ముందు నాకూ నాలుగు ముక్కలు వెయ్యి" అంది.

బావ తన కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసి ఆమె ముందు పోశాడు.